ఐ-20 వచ్చిందంటే అయిపోయినట్టేనా?

మా అక్కయ్య కొడుక్కి అమెరికాలో నాలుగు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ఇంట్లో చర్చంతా ర్యాంకుల మీదే. నా చూపు మాత్రం వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో ఉన్న ఖర్చుల పట్టిక దగ్గరే ఆగిపోయింది. ఫీజు, దాని కింద తిండికీ గదికీ అయ్యే డబ్బు. చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. ఆ సంపాదన సరుకులకు సరిపోతే గొప్ప. డిగ్రీ అయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, సైన్సు, టెక్నాలజీ లాంటి స్టెమ్ కోర్సయితే ఇంకో 24. అప్పు తీర్చే లెక్కంతా ఆ గడువు మీదే వేసుకుంటున్నాం.

"కన్సల్టెన్సీ వాళ్లు మంచిదే అన్నారు కదా" అంటారు బావగారు. అనక ఏమంటారు? వాళ్లలో చాలామందికి కమీషన్ ఇచ్చేది కాలేజీలేనాయె.

ఒకరి మాట నమ్ముకుంటే చాలదని ఇదివరకే చూశాం. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ నకిలీదని బండారం బయటపడ్డప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019 నాటి ఫార్మింగ్‌టన్ కథ మరీ విడ్డూరం. మిషిగన్‌లో ఆ యూనివర్సిటీని పెట్టింది అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే, వీసా మోసాలు చేసేవాళ్లకు వల పన్నడానికి. అందులో చిక్కినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. దానికి వెబ్‌సైట్ ఉంది, సర్కారు జాబితాలో పేరూ ఉంది. లేనిదల్లా పాఠాలు, అవి చెప్పేవాళ్లు.

కాబట్టి అమ్మల్లారా, అయ్యల్లారా, డిపాజిట్ కట్టేముందు వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ అడగండి. అందులో పేరున్న ఒక ప్రొఫెసరుకు మీ పిల్లల చేత ఈమెయిల్ రాయించండి.