పక్క కుట్టని సంచి

కొలరాడోలో ఉండే మనవాళ్ళు ఎండాకాలం చుట్టాలొస్తే చేసే పని ఒకటుంది. కార్లో ఎక్కించి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదకి తీసుకెళ్ళడం. 12,183 అడుగుల దాకా తారు రోడ్డే. పైన దిగి, గాలికి వణికి, నాలుగు ఫోటోలు తీసుకుని, ఎల్క్ కనిపిస్తే ఇంకో నాలుగు తీసుకుని, "ఇక్కడేముందండీ, చెట్టూ చేమా లేదు, ఒట్టి గడ్డి" అనేసి దిగిపోతారు. నా పేచీ అంతా ఆ చివరి మాటతోనే. అక్కడ పచ్చగా కనిపించే దాంట్లో చాలా భాగం గడ్డి కాదు. తుంగ.

అవును, మన తుంగే. అంటే అచ్చంగా మన చేలో తుంగ కాదు గానీ అదే కుటుంబం. సైపరేసి అంటారు, దాదాపు 5,500 రకాలున్నాయి. మనకి తుంగముస్తలిచ్చే మొక్క సైపరస్ రొటండస్. ఈ కొండల మీద ఉండేవి ఎక్కువగా కేరెక్స్ అనే ప్రజాతివి, అదొక్కటే 2,000 రకాలకి తగ్గదు. ఈ మాట నాన్నకి ఫోన్లో చెప్తే, "ఒరేయ్, తుంగ చూట్టానికి డబ్బులు ఖర్చు పెట్టుకుని కొండెక్కావా? ఇక్కడికొచ్చెయ్, మిరపచేలో ఎంత కావాలంటే అంత ఉంది. చూసినంతసేపు చూసి కాస్త పీకి కూడా పెట్టు" అన్నారు. ఆయన బాధ ఆయనది. పైన పీకేసినా కింద గడ్డ మిగిలిపోయి వారం తిరక్కుండా మళ్ళీ లేస్తుంది కదా.

ఇహ గుర్తుపట్టడం సంగతి. గడ్డికీ తుంగకీ తేడా చిన్నప్పుడు చేలో తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కాడని రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లిస్తే తెలిసిపోతుంది. గడ్డి కాడ గుండ్రంగా, చాలావాటికి లోపల బోలుగా, మధ్యమధ్య కణుపులతో ఉంటుంది. తుంగ కాడకి మూడు పలకలు, లోపల గట్టి. గడ్డి ఆకులు రెండు వరసల్లో వస్తే తుంగ ఆకులు మూడు వరసల్లో వస్తాయి. ఆకు మొదట్లో కాడని చుట్టుకునే తొడుగు గడ్డిలో ఎక్కువగా పక్కకి విప్పి ఉంటుంది, తుంగలో గొట్టంలా మూసుకుని ఉంటుంది. ఇంతవరకూ సులువే. కాకపోతే 12,000 అడుగుల ఎత్తులో కాడలు దారంలా సన్నంగా ఉంటాయి, జానెడు ఎత్తు ఉంటే గొప్ప. ఆ దారానికి మూడు పలకలున్నాయో లేదో వేళ్ళకి ఓ పట్టాన తెలీదు.

సరే, తుంగ అని తేలింది. ఏ తుంగ? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. కేరెక్స్‌లో పువ్వంటే మనం అనుకునే పువ్వు కాదు. రేకులుండవు, రంగులుండవు. మగపువ్వంటే ఓ పొలుసు వెనక మూడు కేసరాలు. ఆడపువ్వు మాత్రం ఓ చిన్న సంచిలో కూర్చుంటుంది. పెరిజీనియం అంటారు దాన్ని. చూట్టానికి మూతి సన్నంగా ఉన్న కూజాలా ఉంటుంది, పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ మూతిలోంచి రెండో మూడో కీలాగ్రాలు దారప్పోగుల్లా బయటికొస్తాయి. రెండుంటే లోపలి గింజ పప్పుబద్దలా ఉబ్బెత్తుగా ఉంటుంది, మూడుంటే గింజకి మూడు పలకలుంటాయి. కేరెక్స్ పుస్తకం ఏది తెరిచినా ప్రశ్నలన్నీ ఈ సంచి చుట్టూనే తిరుగుతాయి. నున్నగా ఉందా, నూగుందా? ముక్కు ఎంత పొడుగు? దాన్ని కప్పే పొలుసు నల్లగా ఉందా, గోధుమరంగా? అందుకే ఆకుల ఫోటో తీసి ఫోన్లో యాప్‌ని అడిగేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ఫోటోలో సంచి లేకపోతే ఏ యాప్ చెప్పినా అది సోదే.

అయితే పుస్తకం సంచితో మొదలుపెట్టినా కొండ మాత్రం చోటుతో మొదలుపెడుతుంది. ఇది నాకు భలే నచ్చిన విషయం. అక్కడ చలికాలమంతా పడమటి గాలి ఈడ్చి కొడుతుంది. గుట్ట నెత్తి మీద పడ్డ మంచుని ఊడ్చుకుపోయి అవతలి వాలులో పోగేస్తుంది. ఏటేటా దాదాపు అదే చోట ఊడుస్తుంది, అదే చోట పోస్తుంది. కాబట్టి ఎండాకాలంలో మంచంతా కరిగాక కూడా, చలికాలంలో ఎక్కడ ఎంత మంచుండేదో కింద మొక్కల్ని చూసి చెప్పొచ్చు.

గుట్ట నెత్తి మీద, రాళ్ళ మధ్య, చలికాలం మంచు కూడా నిలవని చోట కేరెక్స్ రుపెస్ట్రిస్ ఉంటుంది. దుబ్బు కట్టదు. నేలలో పాకుతూ అక్కడో పిలకా ఇక్కడో పిలకా లేపుతుంది. ఆకు కొసలు ఎండి మెలితిరిగి ఉంటాయి. కంకి ఒక్కటే, సన్నగా. నాలుగడుగులు కిందకి దిగితే, మంచు పల్చగా ఉండి గాలి మరీ చెంపదెబ్బ కొట్టని చోట దట్టమైన దుబ్బులు మొదలవుతాయి. అది కొబ్రీసియా. ఎండాకాలం చివర్లో వాలంతా రాగిరంగుకి తిరిగిందంటే దీని పుణ్యమే. ఇంకా కిందకి పోతే, జులైలో కూడా మంచు ఆలస్యంగా కరిగే గుంటలో కేరెక్స్ పైరెనైకా. దీనిదీ ఒంటి కంకే గానీ, ముదిరాక సంచులు కిందకి వాలిపోయి కంకి చెదిరినట్టు కనిపిస్తుంది. ఆ కరిగిన నీళ్ళు చేరి కాలు పెడితే చెప్పు తడిసే చోట కేరెక్స్ స్కోపులోరం. వెడల్పు ఆకులు, ఒకటి కాదు నాలుగైదు కంకులు, నల్లటి పొలుసులు, రెండే కీలాగ్రాలు. పైనున్న మూడింటికీ మామూలుగా మూడేసి. ఇదంతా ఒక్కోచోట కొన్ని పదుల గజాల్లోనే అయిపోతుంది. మనూళ్ళో మెట్టచేలో పండేది, చెరువు కింద పండేది, కాలవ గట్టున మొలిచేది చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. నీళ్ళ బదులు ఇక్కడ మంచు, అంతే తేడా.

ఈ వరస తెలిశాక మనిషికి ధీమా పెరుగుతుంది. నుంచున్న చోటి నుంచే "అదిగో కొబ్రీసియా, ఇదిగో స్కోపులోరం" అనేయొచ్చు. చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. నా గొడవ ఆ "చాలాసార్లు" తోనే.

కేరెక్స్ ఎలినాయిడిస్ అని ఒకటుంది. సన్నటి తీగలాంటి ఆకులు, దట్టమైన దుబ్బు, ఒంటి కంకి, ఉండేది కూడా అలాంటి పొడివాలుల్లోనే. అచ్చం కొబ్రీసియాలా ఉంటుంది. ఎలైనా అనేది కొబ్రీసియాకి ఉన్న పాత పేర్లలో ఒకటి. అంటే పేరు పెట్టినాయనే "ఇది దానిలా ఉందిరా బాబూ" అని పేరులోనే రాసిపోయాడన్నమాట. మరి తేడా ఎక్కడ? పూత మీదున్నప్పుడయితే కంకి చూడాలి. ఎలినాయిడిస్‌లో మగపువ్వులన్నీ కంకి పైభాగంలో, ఆడవి కింద. కొబ్రీసియా కంకి నిజానికి బుల్లి కంకుల గుత్తి. ఒక్కోదాంట్లో మామూలుగా ఓ ఆడపువ్వు, దాని పైన ఓ మగపువ్వు ఉంటాయి కాబట్టి కంకి పొడుగునా కేసరాలూ కీలాగ్రాలూ కలగలిసి కనిపిస్తాయి. గింజ కట్టాకయితే మళ్ళీ సంచే దిక్కు. ఎలినాయిడిస్ సంచి చుట్టూ మూసుకుని ఉంటుంది. కొబ్రీసియాది పక్క కుట్టని సంచి, ఓ వైపు అంచులు కలవవు, లోపల గింజ తొంగిచూస్తుంది. పది రెట్ల భూతద్దం ఉంటే ఈ తేడా స్పష్టంగా కనపడుతుంది. అది లేకపోతే దేవుడే దిక్కు.

ఆ కుట్టు గురించి ఓ పిట్టకథ. ఈ మొక్కకి 1779లో విల్లార్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు కేరెక్స్ మయోసురాయిడిస్, ఎలుకతోక లాంటిదని అర్థం. ఆల్ప్స్‌లో డోఫినే ప్రాంతపు మొక్కల గురించి రాస్తూ పెట్టాడు. 1805లో విల్డెనో అనే జర్మన్ ఆయన, సంచి మూసుకోనివాటిని విడదీసి కొబ్రీసియా అనే కొత్త ప్రజాతి కట్టాడు. తర్వాత మన ఎలుకతోక కూడా అందులోకే చేరింది. 2002లో వచ్చిన ఫ్లోరా ఆఫ్ నార్త్ అమెరికా 23వ సంపుటంలో కూడా అది కొబ్రీసియాలోనే ఉంది. ఈలోగా డీఎన్‌ఏ చూసినవాళ్ళకి తెలిసిందేమిటంటే, కొబ్రీసియా అనేది కేరెక్స్ పక్కనున్న వేరే కొమ్మ కాదు, కేరెక్స్ లోపలే ఉన్న రెమ్మ. దాంతో గ్లోబల్ కేరెక్స్ గ్రూప్ 2015లో దాన్ని కేరెక్స్‌లో కలిపేసింది. విల్లార్ పెట్టిన పేరే మళ్ళీ వచ్చింది. 236 ఏళ్ళ తర్వాత రివర్ట్! మా టీములో వారం కిందటి మార్పు వెనక్కి తీస్తేనే మూడు మీటింగులవుతాయి :) నోరు తిరగడం కోసం నేనింకా కొబ్రీసియా అనే రాస్తున్నాను, ఏమనుకోకండి.

రెండు పేర్ల కిందా మొక్క అదే, పక్క కుట్టని సంచీ అదే. ప్రజాతి గోడ కూలింది గానీ ఎలినాయిడిస్ నుంచి దీన్ని విడదీయడానికి ఆ గుర్తు ఇప్పటికీ పనికొస్తుంది.

ఇప్పుడు నా గొడవకొస్తాను. కొబ్రీసియా మంచు ఎక్కువ పోగయ్యే చోట ఎందుకుండదు అని క్యాథరీన్ బెల్, బ్లిస్ అనే ఇద్దరు ఈ రాకీ మౌంటెన్ పార్కులోనే పని చేసి 1979లో పెద్ద వ్యాసం రాశారు. బౌల్డర్ దగ్గర నివాట్ రిడ్జ్ మీద 1980 నుంచీ దీర్ఘకాలిక పరిశోధన నడుస్తోంది. మంచు మారితే ఏ మొక్క ఎటు జరుగుతుంది అనేది అక్కడ పెద్ద ప్రశ్న. ఆలోచించండి, చోటు చూసి మొక్కకి పేరు పెట్టేసి, ఆ మొక్కని చూసి ఇక్కడ మంచు ఇంతే అని రాసుకుంటే ఏమవుతుంది? ప్రోగ్రాములో దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం. ఇది దాని మీద ఆధారపడుతుంది, అది దీని మీద ఆధారపడుతుంది, బయటి నుంచి వచ్చిన నిజం ఒక్కటీ ఉండదు. ప్రోగ్రాములో అయితే కంపైలరో ఇంకోటో అరుస్తుంది. ఇక్కడ అరిచేవాళ్ళుండరు. రేపు ఎలినాయిడిస్ నెమ్మదిగా కొబ్రీసియా జాగాలోకి జరిగిందనుకోండి, "పొడివాలు, దట్టమైన దుబ్బు, కాబట్టి కొబ్రీసియా" అని రాసేవాడి లెక్కల్లో యాభై ఏళ్ళయినా ఏ మార్పూ కనపడదు. మార్పు జరిగింది కొండ మీద, కాగితం మీద మాత్రం అంతా క్షేమం. ఇప్పుడు ఫోన్లో ఫోటో పెట్టి ఎవరైనా రికార్డు చేర్చొచ్చు, మంచిదే. కానీ యాప్ కూడా ఊరూ ఎత్తూ చూసి ఊహిస్తే, దానికి మనం తలూపితే, గుండ్రంగా తిరిగే ఆ బండికి మనమే చక్రాలం.

కాబట్టి నా మటుకు నేను పెట్టుకున్న నియమం ఇది. ఏ నాలుగైదు రకాల మధ్య తేల్చుకోవాలో చెప్పడానికి చోటుని వాడుకుంటాను. వాటిలో ఏదో తేల్చేది మాత్రం సంచే. సంచి చూడ్డం కుదరకపోతే "కొబ్రీసియా లేదా ఎలినాయిడిస్" అని రెండూ రాస్తాను. ఇలా రెండు పేర్లు రాస్తే చూసేవాళ్ళకి చేతకానితనంలా ఉంటుంది గానీ, నా దృష్టిలో అది ఒక్క పేరు కన్నా విలువైన రికార్డు.

"అయితే ఓ కంకి తుంచుకొచ్చి ఇంటిదగ్గర తీరిగ్గా చూసుకోవచ్చుగా" అనొచ్చు మీరు. పార్కులో తుంచకూడదు, చట్టం ఒప్పుకోదు. రాక్ కట్ లాంటి చోట్ల దారి దిగి నడవనివ్వరు కూడా. దీనికి కారణం ఉంది. బియాట్రిస్ విల్లర్డ్ అనే శాస్త్రవేత్త 1959లో రాక్ కట్ దగ్గరా, ఫారెస్ట్ కాన్యన్ దగ్గరా జనం తొక్కి పాడుచేసిన చిన్న చిన్న మడులకి కంచె వేసి, ఎన్నాళ్ళకి కోలుకుంటాయో ఏళ్ళ తరబడి చూసింది. కొబ్రీసియా నేల పూర్తిగా పాడయితే మళ్ళీ పూర్వంలా కావడానికి వందల ఏళ్ళు పడుతుందని ఆవిడ అంచనా. ఆ మడులని 2007లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. తుంగ మడులకి అంత మర్యాద! నాన్నకి ఈ ముక్క చెప్పలేదు, చెప్తే ఏమంటారో నాకు తెలుసు.

అందుకని మిగిలిన పద్ధతి ఒకటే. దారి వారనే మోకాళ్ళ మీద కూర్చుని, ఒకచేత్తో కంకిని తుంచకుండా నిలబెట్టి, రెండోచేత్తో భూతద్దం కంటికి ఆనించి, తలని మొక్క దగ్గరికి తీసుకెళ్ళడం. భూతద్దాన్ని మొక్క దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. గాలి ఆగదు కాబట్టి కంకి వెనక అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. వచ్చేపోయేవాళ్ళు ఏదో పారేసుకున్నారేమో అనుకుని సాయం చేయబోతారు, అది మామూలే. సంచులు బాగా ముదిరేది జులై చివర నుంచి ఆగస్టు మధ్య దాకా. పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికల్లా దిగిపోవాలి, ఆ కాలంలో ఉరుములూ మెరుపులూ ఎక్కువగా మధ్యాహ్నం నుంచే మొదలవుతాయి. చెట్లు లేనిచోట అందరికన్నా ఎత్తుగా ఉండేది మనమే. ఉరుము వినపడిందంటే, కుట్టు ఉందో లేదో సగంలో ఉన్నా సరే, భూతద్దం జేబులో పెట్టుకుని కారు వైపు నడవడమే.