పక్కింటివాళ్ళు లేవకుండా..

మన ఇండస్ట్రీలో ఐదారేళ్ళు పనిచేసినవాళ్ళెవరైనా ఈ స్లైడు చూసే ఉంటారు. ఒక శాక్సఫోన్ బొమ్మ, దాని కింద "మీ టీమ్ ఒక జాజ్ బ్యాండులా ఉండాలి" అని పెద్దక్షరాలతో ఒక వాక్యం. ట్రైనింగ్ ఇచ్చే పెద్దమనిషి దీనికి చెప్పే తాత్పర్యం ఏమిటంటే, జాజ్‌లో నోట్స్ ఉండవు, ప్లాన్ ఉండదు, ఎవరికి తోచింది వాళ్ళు అప్పటికప్పుడు వాయించేస్తారు, ఎజైల్ అంటే అదే అని. రిక్వైర్‌మెంట్లు లేకుండా శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టుకునే మేనేజర్లకి ఈ పోలిక భలే నచ్చుతుంది :)

నాకు మాత్రం ఆ స్లైడు చూసినప్పుడల్లా ఆయన్ని కూర్చోబెట్టి ఒక ఆల్బమ్ వినిపించాలనిపిస్తుంది. పేరు "ఫుల్ హౌస్". గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ 1962 జూన్ 25 రాత్రి కాలిఫోర్నియాలోని బర్క్లీలో, సుబో అనే చిన్న కాఫీహౌస్‌లో జనం ముందు వాయించగా రికార్డ్ చేసింది. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకి బర్క్లీ కొత్తేం కాదు కదా. టెలిగ్రాఫ్ అవెన్యూ మీద ఉండేదా కాఫీహౌస్.

ఆ రోజు వేదిక మీద ఉన్నవాళ్ళు ఎవరంటే, టెనర్ శాక్సఫోన్ మీద జానీ గ్రిఫిన్, పియానో మీద వింటన్ కెల్లీ, బేస్ మీద పాల్ చేంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్. చివరి ముగ్గురూ అప్పట్లో మైల్స్ డేవిస్ బ్యాండులో వాయిస్తున్నవాళ్ళు. అందరికీ తెలిసిన "కైండ్ ఆఫ్ బ్లూ" ఆల్బమ్‌లో ఉన్నది కూడా వీళ్ళే (కెల్లీ అందులో ఒక్క పాటకే వాయించాడనుకోండి). మైల్స్ బ్యాండు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉందని తెలిసి, రివర్‌సైడ్ కంపెనీ నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ ఈ ముగ్గుర్నీ వెస్‌తో కలిపాడు. అంటే ఈ ఐదుగురూ ఏళ్ళ తరబడి కలిసి తిరిగిన బ్యాండు కాదు. ఒక రాత్రి కోసం కలిశారు.

చూశారా, ప్లాన్ లేకుండానే అయిపోయింది కదా అంటారేమో. అక్కడే ఉంది అసలు విషయం.

అష్టావధానం చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పృచ్ఛకుడు దత్తపది ఇచ్చాక అవధాని అప్పటికప్పుడు పద్యం చెబుతాడు. ఆ క్షణంలో పుట్టింది పద్యమే గానీ ఛందస్సు కాదు. ఉత్పలమాలకి గణాలేమిటో, యతి ఎక్కడ పడాలో అప్పుడు వెతుక్కుంటే పద్యం రాదు. ఈ ఆల్బమ్‌లో "బ్లూ ఎన్ బూగీ" అని డిజ్జీ గిలెస్పీ చేసిన పాట ఒకటుంది. అది పన్నెండు బార్ల బ్లూస్. పన్నెండు బార్లు, వాటిలో ఏ తీగస్వరాలు ఏ వరసలో రావాలో ఐదుగురికీ చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. అదే వాళ్ళ ఉత్పలమాల. ఇక ఎంత వేగంగా పోయినా ఎవరూ దారి తప్పరు.

ఆ పాటలో వెస్ సోలోని జాగ్రత్తగా వినండి. మొదట ఒక్కొక్క స్వరం తీగమీద పరిగెడుతుంది. కాసేపటికి అదే ధోరణిని ఆక్టేవుల్లోకి మారుస్తాడు, అంటే మధ్యస్థాయి షడ్జమం, తారస్థాయి షడ్జమం ఒకేసారి మోగించినట్టన్నమాట. అది కూడా చాలదన్నట్టు, చివరికి మొత్తం కార్డులతోనే పాట పాడించేస్తాడు. మూడంతస్తుల మేడ కట్టినట్టుంటుంది. పునాది లేకుండా మూడో అంతస్తు ఎవడూ కట్టడు.

ఇంకో సంగతి. లైవ్ అన్నారు కదా అని ఒక్కసారే వాయించి ఇంటికెళ్ళిపోలేదు వీళ్ళు. అదే రాత్రి కొన్ని పాటలు మళ్ళీ మళ్ళీ వాయించారు. ఆల్బమ్‌లో చేరిన "ఎస్.ఓ.ఎస్." మూడో టేకు, రెండో టేకు తర్వాత సీడీలో వచ్చింది. ఆ రాత్రి రికార్డింగులన్నీ కలిపి 2023లో విడుదల చేసినప్పుడు, "ఫుల్ హౌస్" పాట అసలు టేకులో వెస్ వాయించిన గిటార్ సోలోని మళ్ళీ దాని చోట పెట్టి ఇచ్చారు. అంటే 1962లోనే టేపుమీద కత్తెర పనిచేసిందన్నమాట! నాకిది మోసంలా అనిపించలేదు సరికదా, ముచ్చటేసింది. అంతటివాళ్ళు కూడా జనం ముందు ఆగి, "మళ్ళీ వాయిద్దాం" అనుకున్నారు.

ఇంతకీ ఈ వెస్ ఎవరు? 1923లో ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. స్వరలిపి చదవడం రాదు. చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, వాటిలోని సోలోలన్నీ వినికిడి మీదే పట్టేశాడు. పెళ్ళయ్యాక మొదలుపెట్టిన సాధన కాబట్టి రాత్రిళ్ళే కుదిరేది. ఎలక్ట్రిక్ గిటార్ గోల భరించలేక ఇరుగుపొరుగువాళ్ళు గొడవ చేస్తే, పిక్ పక్కన పడేసి బొటనవేలి కండతో మీటడం మొదలుపెట్టాడు, చప్పుడు తగ్గుతుందని. గిటార్ చరిత్రలో ఇంకెవరికీ లేని ఆ మెత్తటి, గుండ్రటి నాదం అలా వచ్చింది. ప్రపంచమంతా తర్వాత అనుకరించడానికి తంటాలు పడింది పక్కింటివాళ్ళ నిద్ర కోసం చేసిన సర్దుబాటుని.

పిల్లలు ఏడుగురు. పగలు ఏడింటినుంచి మూడింటిదాకా ఫ్యాక్టరీలో పని, రాత్రి తొమ్మిదినుంచి తెల్లవారి ఐదుదాకా క్లబ్బుల్లో గిటార్. 1959లో శాక్సఫోనిస్టు కానన్‌బాల్ ఆడర్లీ ఇండియానాపొలిస్‌లో ఇతన్ని విని, వెంటనే కీప్‌న్యూస్‌కి చెప్పాడు. రివర్‌సైడ్‌లో తన పేరుమీద మొదటి ఆల్బమ్ వచ్చేటప్పటికి వెస్‌కి 36 ఏళ్ళు. సుబోలో వాయించేటప్పటికి 39.

ఇక్కడ మన ట్రైనింగ్ పెద్దమనిషి చేతికి ఇంకో స్లైడు దొరికిపోతుందని నా భయం. "చూడండి, రోజుకి పదహారు గంటలు పనిచేశాడు, మీకేం రోగం?" అని. దయచేసి ఆ పని చెయ్యకండి. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో ఆ రెండో ఉద్యోగం అవసరం. వెస్ 45 ఏళ్ళకి గుండెపోటుతో పోయాడు, 1968 జూన్ 15న. నిద్రలేని రాత్రులని విజయరహస్యంగా అమ్మేవాళ్ళు ఈ తేదీ కూడా స్లైడు మీద వెయ్యాలి.

మరి నాకెందుకింత పట్టింపు అంటే, చెప్తాను. ఎంసెట్ కోచింగ్ కోసం పదో తరగతిలో ఆపేసిన వయొలిన్‌ని నేను 38వ ఏట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. అమెరికా వాళ్ళతో కాల్ అయ్యేసరికి రాత్రి పదిన్నర. మా అపార్ట్‌మెంట్ గోడలు అట్టముక్కల్లాంటివి. బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ తగిలించి, దోమ పాడినంత చప్పుడుతో భైరవి వర్ణం సాధన చేస్తుంటాను. మొన్నొక మిత్రుడు అడిగాడు, "ఇప్పుడెందుకు గురూ ఇదంతా? కచేరీలు చేస్తావా ఏంటి?" అని. వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది.

వెస్ కథని జవాబుగా చెప్పడం సులువే. "36 ఏళ్ళకి అతనికి పిలుపొచ్చింది, నాకూ వస్తుంది" అని. కానీ అది అబద్ధం. నాకు ఏ కానన్‌బాలూ రాడు. మనలో ఎవరికీ దాదాపుగా రాడు. ఇండియానాపొలిస్‌లో ఆ క్లబ్బుల్లోనే వాయించి, ఏ పిలుపూ రాకుండా రిటైరైనవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు.

నాకు తోచిన జవాబు వేరే. కానన్‌బాల్ ఆ రాత్రి విన్నప్పుడు వెస్ సంగీతం అప్పటికే పూర్తయి ఉంది. ఆ బొటనవేలు, ఆ ఆక్టేవులు, ఆ మూడంతస్తుల మేడ అన్నీ ఉన్నాయి. కానన్‌బాల్ రాకపోయినా అవి అక్కడే ఉండేవి, తెల్లవారుజామున మూడింటికి ఆ క్లబ్బులో కూర్చున్నవాళ్ళకి అందేవి. పిలుపు వచ్చాక మనకి అందాయి, అంతే తేడా. మనకి అది పెద్ద తేడానే. వాయించే చేతికి మాత్రం అంతకు ముందు రాత్రి కూడా నిజమైన రాత్రే.

నా వర్ణం ఆ స్థాయికి వెయ్యి మైళ్ళ దూరంలో ఉందని వేరే చెప్పక్కర్లేదు. అయినా ఈ నెలలో అనుపల్లవి రెండో కాలంలో తాళం తప్పకుండా వచ్చింది. మా ఆవిడ తప్ప ఎవరూ వినలేదు. ఆవిడ కూడా సగం నిద్రలో విందనుకోండి :)

ఇంతకుముందు జాజ్ వినని వాళ్ళెవరైనా ఉంటే, ఈ ఆల్బమ్‌ని మొదటి పాటనుంచి మొదలుపెట్టకండి, రెండోదానికి వెళ్ళండి. "ఐ హావ్ గ్రోన్ అకస్టమ్డ్ టు హర్ ఫేస్", "మై ఫెయిర్ లేడీ" నాటకంలోది. గ్రిఫిన్ ఉండడు, కెల్లీ ఉండడు. బేస్, డ్రమ్స్ వెనకాల ఎక్కడో మెల్లగా నడుస్తుంటాయి, వెస్ ఒక్కడే కార్డులతో ఆ పాటని విడమర్చి చెబుతుంటాడు. మూడు నిమిషాల పైచిలుకు, అంతే. రాత్రి పదకొండు దాటాక, సౌండ్ బాగా తగ్గించి పెట్టుకోండి. ఈ ఒక్క పాటకి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.