ఉసారె రేవంద్

హకీమ్ అయిన మా నానా దవాఖానాలో ఓ సీసా ఉండేది. అందులో ఎండిన బెల్లంలాంటి ముక్క. చిన్నప్పుడు చోరీగా తడివేలితో రుద్దాను. యా అల్లా, వేలంతా మెరిసే పసుపు! నాకబోతుంటే నానా చెయ్యి పట్టుకున్నారు. "జులాబు మందు బేటా, కాస్త ఎక్కువైతే జాన్ పోతుంది."

దాన్నే చిత్రకారులు గాంబోజ్ అంటారని, ఆ పేరు కంబోడియా నుంచే వచ్చిందని తర్వాత చదివాను. అక్కడ చెట్టుకి గాటుపెట్టి, కారే పాలని వెదురు గొట్టాల్లో పడతారు. జంగు రోజుల తర్వాత ఇంగ్లండు రంగుల కంపెనీకి చేరిన ముద్దల్లో తూటాలు దొరికాయి. ఆ చెట్ల కింద ఎవరిమీద పేల్చారో!

నానా పోయాక సీసా నాకు దక్కింది. మా పాపకి రంగుల షౌక్. అందుకే బీరువా మీద పెట్టాను, ఎత్తుగా.