కొట్లో మోగని డిటెక్టరు

ఎమ్మెస్సీ ఫిజిక్సులో ప్రాజెక్టు కోసం న్యూట్రాన్ డిటెక్టరు డిజైను ఎంచుకున్నాం మేం నలుగురం. అందరం హాస్టళ్లలో చదివినవాళ్లమే. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం కూడా మేమే.

ఇంటర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మీ పుస్తకంలోని పి-ఎన్ డయోడే ఈ డిటెక్టరు. రివర్స్ బయాస్‌లో ఉన్న డయోడులోకి విద్యుదావేశం గల కణం దూరితే చిన్న కరెంటు పల్సు వస్తుంది. న్యూట్రానుకు ఆవేశం లేదు, చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. అందుకని పైన బోరాన్-10 పూత వేస్తారు. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌ను బోరాన్ మింగి, ఆల్ఫా కణాన్ని ఒకవైపు, లిథియం కేంద్రకాన్ని దానికి ఎదురువైపు విసురుతుంది. రెండింటిలో ఒకటే సిలికాన్ వైపు వస్తుంది.

చిక్కంతా పూత మందంలోనే. పలచగా వేస్తే న్యూట్రాన్లు తప్పించుకుంటాయి. మందంగా వేస్తే ఆల్ఫా పూతలోనే ఆగిపోతుంది, బోరాన్‌లో అది 4 మైక్రాన్లు కూడా పోలేదు. జియాంట్-4 అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో, ల్యాబ్‌లో ఉన్న ఒక్క కంప్యూటరు మీద రాత్రిళ్లు లెక్కలు వేశాం. మందం ఎంత మార్చినా నూటికి నాలుగైదు న్యూట్రాన్లకు మించి చిక్కలేదు. సిలికాన్‌లో దుక్కి చాళ్లలా సన్నని గాడులు తవ్వి లిథియం ఫ్లోరైడు పొడి నింపితే 30 కూడా దాటవచ్చని అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. మా డయోడు పలచన, సిలికాన్ తేలిక పరమాణువు. గామా కిరణాలు చాలావరకు తగలకుండానే పోతాయి. న్యూట్రాన్ల లెక్కలో గామా కలవకూడదు కనుక మాకదే కావాలి.

మాలో ఒకరి నాన్న పాత ఇనుము కొట్లో కూలీ. సంగతి విని, "మా కొట్లో పెట్టుకోనీకి పనికొస్తదా?" అని అడిగారు.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజారులో, వేలంలో కొన్న ఒక యంత్రాన్ని విడదీశారు. లోపల కోబాల్ట్-60 ఉందని ఆ కూలీలకు తెలియదు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. కోబాల్టు నుంచి వచ్చేవి గామా కిరణాలు. అంటే గామాను పట్టించుకోకుండా మేం అంత కష్టపడి గీసిన డిటెక్టరు ఆ కొట్లో మోగదు!

గామాకు జెర్మేనియం మేటి, కానీ దాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచాలి. కాడ్మియం జింక్ టెల్యురైడుకు ఆ బాధ లేదు గానీ మంచి స్ఫటికం పెంచడం కష్టం, ధర కొట్టుకు అందదు. అయినా ఏ మూలకం, ఎంత శక్తి అన్నది ఆయనకెందుకు? ముట్టుకోవద్దని చెబితే చాలు. కిరణాలు బలంగా ఉంటే ఉత్త సిలికాన్ డయోడైనా కొన్నింటిని పట్టుకుంటుంది. గీగర్ కౌంటరు కొంటే పోదా అన్నారు సారు. దానికి వందల వోల్టులు కావాలి, డయోడుకు చిన్న బ్యాటరీ చాలు.

ఇప్పుడు హాస్టల్ గదిలో వెలుతురు తగలకుండా కప్పిన ఫోటోడయోడు, యాంప్లిఫయరు, బజరు కలిపి సోల్డరింగ్ చేస్తున్నాం. దీనికి మార్కుల్లేవు. వచ్చే వారం ల్యాబ్‌లోని చిన్న సీజియం మూలం ముందు పెట్టి చూడాలి. పెట్టె తాళం తీసి, దగ్గరుండి చూస్తానన్నారు సారు.