నాయనమ్మ కుండ

మా నాయనమ్మ అనపగింజల్ని బూడిదలో కలిపి కుండలో దాచేది. "పస్తున్నా సరే, వీటి జోలికి పోవద్దురా" అనేది. 2024లో పాలస్తీనా విత్తనాలు నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండ గిడ్డంగికి చేరాయని చదివినప్పుడు ఆ కుండే గుర్తొచ్చింది. పంపింది వ్యవసాయ కార్యసమితుల యూనియన్. 1986లో పుట్టి, హెబ్రాన్‌లో దేశవాళీ విత్తన బ్యాంకు నడుపుతున్న రైతుల సంస్థ.

ఇంకాస్త చదివితే, కథ నేననుకున్నంత సులువుగా లేదు. 2019 ఆగస్టులో వెస్ట్ బ్యాంక్‌లో బాంబు పేలి 17 ఏళ్ల ఇజ్రాయెలీ అమ్మాయి చనిపోయింది. నిందితుల్లో ఇద్దరు ఈ సంస్థలో పనిచేసినవాళ్లు. నెదర్లాండ్స్ 2020లో నిధులు ఆపి, బయటివాళ్లతో విచారణ చేయించింది. డబ్బు సాయుధ పోరాటం చేసే పాపులర్ ఫ్రంట్‌కు మళ్లినట్టు ఆధారం దొరకలేదు. కానీ సిబ్బంది, బోర్డు సభ్యులు కలిపి 34 మందికి దానితో సంబంధాలున్నాయని తేలింది. 2022 జనవరిలో నిధులు పూర్తిగా ఆగిపోయాయి. అప్పటికే ఇజ్రాయెల్ ఈ సంస్థకు ఉగ్రవాద ముద్ర వేసింది. అందుకు తగిన ఆధారాలు తమకందలేదని ఆ ఏడాది జులైలో నెదర్లాండ్స్‌తో సహా 9 యూరప్ దేశాలు చెప్పాయి!

2025 జులైలో హెబ్రాన్ విత్తన కేంద్రం మీదికి బుల్డోజర్లు వచ్చాయి.

ఆ అమ్మాయి చావును పక్కనపెట్టి మాట్లాడటం నావల్ల కాదు. నేరం చేసినవాళ్లు శిక్ష అనుభవించాల్సిందే. కానీ పైరు పెట్టుకునే రైతు చేసిన తప్పేమిటి? నాయనమ్మ కుండలోనూ పుచ్చులు కనిపించేవి. చాటలో పోసి ఏరేసేది. కుండ మాత్రం పగలగొట్టలేదు.