ఇద్దరు ఫ్రెషర్లూ, ఒక డిఫెన్స్‌మనూ

పోయిన అప్రైజల్‌లో మా మేనేజరు "నీ జీతంతో ఇద్దరు ఫ్రెషర్లు వస్తారు" అన్నాడు. టొరంటోకొచ్చి హాకీ పిచ్చి పట్టించుకున్నవాణ్ణి కదా, నాకు వెంటనే 2015 జూన్ 26 గుర్తొచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రోజు. డ్రాఫ్ట్ అంటే టీములు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకోవడం. ఆ వంతే పిక్. దాన్ని బేరానికి పెట్టొచ్చు కూడా.

ఆరోజు బోస్టన్, 22 ఏళ్ల డిఫెన్స్‌మన్ డగీ హామిల్టన్‌ని కాల్గరీకిచ్చి 15వ పిక్, ఇంకో రెండు రెండో రౌండ్ పిక్‌లు తీసుకుంది. ఎడ్మంటన్ ఏమో 16, 33 పిక్‌లిచ్చి గ్రిఫిన్ రైన్‌హార్ట్ అనే డిఫెన్స్‌మన్‌ని తెచ్చుకుంది. ధరలు దగ్గర దగ్గరే! కానీ హామిల్టన్ అప్పటికే మూడు సీజన్లు ఆడినవాడు. రైన్‌హార్ట్ లీగులో ఆడింది ఎనిమిది మ్యాచ్‌లు. 2012లో నాలుగో వంతులో ఎంపికైన పేరుకే ఆ ధర పలికాడు. తర్వాత ఎడ్మంటన్‌కి ఆడింది 29 మ్యాచ్‌లే. ఆ 16వ పిక్‌తో ఐలాండర్స్ పట్టింది మాత్యూ బార్జల్‌ని. 2018లో అతనికి కాల్డర్ ట్రోఫీ వచ్చింది.

అయితే పిక్‌లే మేలా? ఒక్క వంతు ముందున్న బోస్టన్, బార్జల్‌ని వదిలేసి సెనిషిన్‌ని ఎంచుకుంది. అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. పిక్ విలువ నంబర్లో కాదు, ఎంచుకునేవాడి కంట్లో ఉందని నా గొడవ.

ఇదంతా మేనేజరుకి చెబుదామనుకున్నా. కానీ నా ఆరేళ్ల అనుభవంలో హామిల్టన్ ఎంత, రైన్‌హార్ట్ ఎంత అని అడిగితే? అందుకే ఊరుకున్నా.