పడమటికి చూచిన గొడుగు

పిల్లలూ! టెలివిజనులో ఏదైనా కొత్త కార్యక్రమం మొదలైతే, మొదటి రోజునే మీరు తీర్పు చెప్పేస్తారు గదా! నేనూ ఒకసారి అలాగే చెప్పాను. అది 1975వ సంవత్సరం, ఆగస్టు నెల. అప్పుడు నాకు పదేళ్లు. అంతకుముందు మా ఊళ్లో ఎవరూ టెలివిజను చూచి ఎరుగరు.

ఆ ఏడు వానలు పడక ముందే మా బడికి ఒక లారీ వచ్చింది. అందులోనుంచి ఒక పెట్టె, కొన్ని ఇనుప కమ్ములు, ఒక వల దిగాయి. వల అంటే చేపల వల కాదు. కోళ్లగూటికి కొడతారే, ఆ తీగల అల్లిక. దాన్ని కమ్ములకు బిగించి, పది అడుగుల వెడల్పున తిరగేసిన గొడుగులాగా చేసి బడి పక్కన నిలబెట్టారు. అది పడమటి ఆకాశం కేసి మొహం పెట్టి నిలుచుంది. ఆ పెట్టె హైదరాబాదులోనే, ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారంలో తయారైందని హెడ్మాస్టరుగారు చెబితే మేము నమ్మలేదు. అంత గొప్ప వస్తువు పక్క ఊరినుంచి వస్తుందా అనుకొన్నాము!

ఆగస్టు 1వ తేదీ సాయంత్రం ఊరంతా బడి ముందు చేరింది. చాపలు పరచుకొన్నారు, వేరుసెనగకాయలు తెచ్చుకొన్నారు. మా పిల్లలందరికీ ఒకటే ఆశ: రామారావు సినిమా వేస్తారని! తెర వెలిగింది. ఒకాయన కనిపించి నమస్కారం పెట్టాడు. మా నాయనమ్మ వెంటనే కొంగు నెత్తిమీదికి లాక్కొని తిరిగి దండం పెట్టింది. పరాయి మనిషి తనకేసే చూస్తున్నాడు మరి!

కాని సినిమా రాలేదు. కాసేపు ఎరువులు, కాసేపు పసిబిడ్డలకు పెట్టే తిండి, మధ్యలో మాకు బొత్తిగా అర్థంకాని హిందీ. తెలుగు వచ్చినప్పుడు కూడా అది మా ఊరి తెలుగు కాదు. పక్కన కూర్చున్న తాత ఒకడు, "ఈయన ఎన్నడైనా మడిలో దిగిండా?" అని పైకే అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నాకు న్యాయంగానే తోస్తుంది. ఆ రాత్రి ఇంటికి పోతూ, "ఇది బాగాలేదు, ఇక రాను," అని నేను ప్రకటించాను.

మరి పొద్దుటిపూట బడిపిల్లలకని వేరే కార్యక్రమాలు ఉండేవి. వాటిని తప్పించుకొనే వీలు లేదు, బడిలోనే ఉంటాము గనక! తెలుగుకు ఇరవై నిమిషాల పైచిల్లర. వాటిలో సైన్సు పాఠాలు నాకు మెల్లగా రుచించసాగాయి. ఇంట్లో దొరికే వస్తువులతోనే ఏవో ప్రయోగాలు చేసి చూపేవారు.

ఇక్కడ నేను ఒక పొరపాటు ఒప్పుకోవాలి. మా వీధి చివర మేకలు కాసే పిల్లవాడు ఒకడు ఉండేవాడు. నా ఈడువాడే, బడికి రాడు. మేకలను గట్టుమీద వదిలి, రోజూ కిటికీ పట్టుకొని నిలబడి టెలివిజను చూచేవాడు. వాడు కిటికీలో నిలబడితే గదిలోకి గాలి రావటంలేదని నేను రెండుసార్లు కసిరి వెళ్లగొట్టాను. వాడు పోయి, కాసేపటికి మళ్లీ వచ్చేవాడు.

ఒకనాడు హెడ్మాస్టరుగారు ఆ గొడుగు సంగతి చెబుతున్నారు. "ఈ బొమ్మలు అహమ్మదాబాదునుంచి ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి పోతాయి. అది అమెరికావారిది, పేరు ఏ.టి.ఎస్.-6. ఆఫ్రికాలో కెన్యా దేశం మీదుగా, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి మన గొడుగులో పడతాయి. ఆరు రాష్ట్రాలలో 2,400 ఊళ్లు ఇలాగే చూస్తున్నాయి," అన్నారు. మేమంతా తలలు ఊపాము.

కిటికీలోనుంచి ప్రశ్న వచ్చింది: "సూర్యుడు జరుగుతడు, చంద్రుడు జరుగుతడు. అది జరగదా సారూ? గొడుగును ఎవ్వరూ తిప్పుతలేరు గద!"

మాలో ఒక్కరికీ ఆ సందేహం రాలేదు, పిల్లలూ! హెడ్మాస్టరుగారికి కూడా వెంటనే జవాబు తట్టలేదు. నాలుగు రోజుల తర్వాత ఆయనే చెప్పారు. జాతరలో రంగులరాట్నం ఎక్కితే, ఎదుటి గుర్రం మీదివాడు మనకు ఎప్పుడూ ఎదురుగానే ఉంటాడు గదా! ఇద్దరూ కలిసి తిరగటమే అందుకు కారణం. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే కాలంలోనే ఆ ఉపగ్రహమూ భూమిని ఒకసారి చుట్టివస్తుంది. అందుకని మనకు కదలనట్టే ఉంటుంది. ఇలా చెప్పి, ఆయన వాణ్ణి లోపలికి పిలిచి నా పక్కనే కూర్చోబెట్టారు. నేను కాస్త జరిగి చోటిచ్చాను.

ఆ ఏడాదంతా వాడు వచ్చాడు. టెలివిజను కోసం వచ్చి, అక్షరాలు కూడా నేర్చాడు.

ఆ ఏర్పాటు ఒక్క ఏడాదికే. 1976 జూలై 31తో అది ముగిసింది, ఉపగ్రహాన్ని అమెరికావారు తమవైపు జరుపుకొన్నారు. మర్నాడు పెట్టె తిప్పితే తెరనిండా చీమలబారులు, బుస్సుమని చప్పుడు. అయినా ఎవరూ లేవలేదు, చాలాసేపు దానికేసే చూస్తూ కూర్చున్నాము. మొదటి రోజున బాగాలేదన్న నేను కూడా! మా నేస్తం ఇంకొన్ని నెలలు బడికి వచ్చి మానేశాడు. ఇంట్లో మేకలకు మనిషి కావాలి. పిల్లలను గుమ్మందాకా పిలిచి తలుపు వేయటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

1983లో మన దేశం ఇన్సాట్-1బి అనే ఉపగ్రహాన్ని పంపించింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మా పంచాయితీ ఆఫీసుకు మళ్లీ ఒక టెలివిజను, మళ్లీ ఒక గొడుగు వచ్చాయి. నేను పండుగకు ఊరు వెళ్లినప్పుడు మా నేస్తం కొడుకును భుజాన వేసుకొని వచ్చాడు. పిల్లవాణ్ణి అందరికంటే ముందు కూర్చోబెట్టి, తాను మాత్రం బయటనే నిలబడి గొడుగుకేసి చూస్తున్నాడు.

"ఏమిరా, లోపలికి రావా?" అన్నాను.

"ఇది పడమటికి చూస్తలేదు, దక్షిణంగా నడినెత్తికి చూస్తున్నది. ఈసారిది మన మీదనే ఉన్నట్టుంది," అన్నాడు.

వాడు చెప్పింది నిజమే.